మూసారాంబాగ్ పేరు కరెక్టే, మార్చాల్సింది ఫోన్‌ని

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ఉండేవాళ్లకి ఒక రకం రీల్ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది. "మూసారాంబాగ్ అసలు పేరు తెలుసా? ఇన్నాళ్లూ తప్పుగా పలుకుతున్నారు!" అని మొదలవుతుంది. అసలు పేరు ‘మాన్సియర్ రేమండ్ బాగ్’ అని, మనవాళ్లకి నోరు తిరగక దాన్ని పాడుచేశారని ఒక నవ్వు నవ్వుతారు. అందులో చెప్పే మనిషి నిజంగానే ఉన్నాడు. ఆ నవ్వు దగ్గరే నాకు ప్రాబ్లం. ‘మాన్సియర్ రేమండ్’ కంటే సిటీ బస్సులో కండక్టర్ అరిచే ‘మూసారాం’ ఫ్రెంచ్‌కి దగ్గరగా ఉంటుంది. గాడ్జెట్ల సైట్‌లో ఈ గోలేంటి అంటారా? రీల్‌వాళ్లు చేసే పొరపాటునే మన ఫోన్‌లో మాట్లాడే గొంతు కూడా చేస్తోంది.

ముందు ఆ మనిషి సంగతి. ఆయన ఫ్రెంచ్ సైనికాధికారి. 1755లో పుట్టి, 1775లో పాండిచ్చేరికి వచ్చి, 1786లో రెండో నిజాం అలీ ఖాన్ కొలువులో కుదురుకున్నాడు. ఆబిడ్స్ దగ్గరి గన్‌ఫౌండ్రీ ఆయన పెట్టించిన ఫిరంగుల కార్ఖానాయే. 1798 మార్చి 25న చనిపోయాడు. అదే ఏడాది ఇంగ్లిష్‌వాళ్లు నిజాంతో ఒప్పందం చేసుకుని ఆయన నడిపిన ఫ్రెంచ్ పటాలాన్ని రద్దు చేయించారు. సమాధి మన దగ్గరే, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. నల్లరాతి స్తంభం, దాని మీద జె, ఆర్ అక్షరాలు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో నెలల తరబడి ఉండి కూడా అటు వెళ్లనివాళ్లే ఎక్కువ. హిందువులు ఆయన్ని మూసా రాం అన్నారని, ముస్లింలు మూసా రహీం అన్నారని చెబుతారు. చనిపోయిన చాలాకాలం తర్వాత కూడా వర్ధంతి రోజున జనం ఆ గుట్ట మీద చేరేవాళ్లట.

ఇప్పుడు ఉచ్చారణ చూద్దాం. ఫ్రెంచ్‌లో ‘అయ్యా’ అనే మర్యాద మాటని ‘మొస్యూ’ అంటారు. రాసేటప్పుడు మధ్యలో ఎన్, చివర్లో ఆర్ ఉంటాయి. పలికేటప్పుడు రెండూ ఉండవు. మన ‘మూసా’లో ఎన్ ఉందా? లేదు. ఆర్ ఉందా? లేదు. ఇంటిపేరు చూడండి. రాతలో చివర డి ఉంటుంది కానీ ఫ్రెంచ్‌వాళ్లు ‘రేమోఁ’ అని ముక్కుతో ఆపేస్తారు. మనవాళ్లు కూడా ‘డ్’ లేకుండా సున్నాతో ఆపారు: రాం, రహీం. ‘రేమండ్’ అన్నది సూటింగ్ షోరూం బోర్డు మీద ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి చదివే పలుకు. ‘మాన్సియర్’ కూడా అంతే, కంటితో చదివింది. రాతలో మాత్రమే కనిపించే అక్షరాల్ని ఆనాటి జనం పలకలేదు, ఎందుకంటే వాళ్లు స్పెల్లింగ్ చూడలేదు, విన్నారు. అచ్చులు మారాయి, అది ఒప్పుకుంటాను. కొత్త శబ్దం చెవిన పడినప్పుడు తమకు తెలిసిన పేర్లలో దగ్గరగా ఉన్నవాటిని ఎంచుకున్నారు. మూసా తెలుసు, రాం తెలుసు, రహీం తెలుసు. స్పీచ్ రికగ్నిషన్ మోడల్ కూడా ఇంచుమించు ఇదే పని చేస్తుంది: విన్న శబ్దానికి తనకు తెలిసిన పదాల్లో బాగా కుదిరేదాన్ని పట్టుకుంటుంది. ఇక్కడ ఆ పని రెండు శతాబ్దాల కిందట మనుషులే చేశారు.

గోదావరి వైపు ఇది అటునుంచి ఇటు జరిగింది. 1954 దాకా ఫ్రెంచ్‌వాళ్ల చేతిలో ఉన్న యానాంని వాళ్లు ‘యనాఓఁ’ అన్నారు, అలాగే రాసుకున్నారు. మన చివరి ‘మ్’ వాళ్ల నోట్లో ముక్కు శబ్దం అయింది. హైదరాబాద్‌లో వాళ్ల ముక్కు శబ్దం మన నోట్లో ‘మ్’ అయింది. యానాంని వాళ్లు పాడుచేశారని ఎవరూ అనరు, మూసారాం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనకి నోరు తిరగలేదట!

చెవితో కాకుండా కంటితో నేర్చుకుంటే ఏమవుతుందో తెలియాలంటే కార్ల షోరూంకి వెళ్లండి. ‘రెనో’ అనే ఫ్రెంచ్ ఇంటిపేరు మన దగ్గర ‘రెనాల్ట్’. ఫ్రెంచ్‌వాళ్లు వదిలేసే ఎల్, టి రెండూ మనం కష్టపడి పలుకుతాం. అలా అనేవాళ్లని ఎగతాళి చేయమని కాదు, నేనూ మెకానిక్ దగ్గర రెనాల్ట్ అనే అంటాను. రెండు దారులు ఉన్నాయని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఒకటి చెవి దారి, ఒకటి స్పెల్లింగ్ దారి.

ఫోన్‌ది రెండో దారి. మ్యాప్‌లో పేరు చాలాసార్లు ముందుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంటుంది. దాన్ని చదివే సాఫ్ట్‌వేర్ మొదట సంక్షిప్త రూపాల్ని విప్పుతుంది, తర్వాత అక్షరాల్ని శబ్దాలుగా మారుస్తుంది. రెండు చోట్లా మన ఏరియా పేర్లు దెబ్బతింటాయి. ఇంగ్లిష్ రూల్స్ ప్రకారం ఎల్, బీ పక్కపక్కన వస్తే పౌండ్ అనే బరువు కొలత. అంటే సరిగ్గా చూసుకోకపోతే ఎల్బీనగర్ ‘పౌండ్ నగర్’ అయిపోగలదు. మూసారాంబాగ్‌కి ఇంగ్లిష్‌లో కనీసం రెండు మూడు స్పెల్లింగులు తిరుగుతున్నాయి. ఏది పొడుగు, ఏది పొట్టి అని ఆ అక్షరాలు చెప్పవు. నా ఫోన్‌లో ఇంగ్లిష్ గొంతుతో చదివిస్తే ‘మూసరంబ్యాగ్’ అంది, చివర్లో ఏదో సంచి ఉన్నట్టు. అదే పేరు తెలుగు లిపిలో టైప్ చేసి తెలుగు గొంతుకి ఇస్తే శుభ్రంగా చదివింది. మన లిపిలో దీర్ఘం ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇంత సుఖమైన ఇన్‌పుట్ ఉండగా ఇంగ్లిష్ స్పెల్లింగ్ చుట్టూ తిరగడం ఇంజినీర్‌గా నాకు అస్సలు అర్థం కాదు.

గొంతు తప్పు చదివితే నవ్వుకుని వదిలేయొచ్చు. వినడంలో తప్పు చేస్తేనే అసలు బాధ. మా అమ్మమ్మ వాయిస్ సెర్చ్‌లో ఆస్మాన్‌గఢ్ అని రెండుసార్లు చెప్పింది, ఫోన్ ఇంకేదో చూపించింది. మూడోసారి గొంతు మార్చి, టీవీలో ఇంగ్లిష్ యాంకర్లా పలకబోయింది. తర్వాత నా చేతిలో పెట్టేసి "దానికి నా మాట సమజైతలేదు బిడ్డా, నువ్వే చెప్పు" అంది. ఆ ఏరియాలో పుట్టి పెరిగిన మనిషి, ఆ పేరు ఎలా పలకాలో ఆమెకంటే ఎవరికి తెలుసు? అయినా ముందు తన పలుకునే మార్చుకోబోయింది. ఇలా రోజూ ఎంతమంది ఫోన్ కోసం ఊరి పేరుని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లా పలుకుతున్నారో! పిల్లలు ముందుగా వినేది ఫోన్ గొంతే అయితే, ఇంకొన్నేళ్లకి ‘బ్యాగ్’ అన్నదే కరెక్ట్ అవుతుంది.

మనవాళ్లు చాలామంది ఉండే డిట్రాయిట్ సంగతి తీసుకోండి. అదీ ఫ్రెంచ్ పేరే, 1701లో ఫ్రెంచ్‌వాళ్లు కట్టిన కోట నుంచి వచ్చింది. ఫ్రెంచ్‌లో అయితే ‘దెత్రువా’ లాంటి పలుకు. అక్కడ గ్రాషిట్ అనే పెద్ద రోడ్డు ఉంది, దాని స్పెల్లింగ్ చూసి ఆ పలుకు ఊహించడం కష్టం. అక్కడివాళ్లు గ్రాషిట్ అంటారు కాబట్టి అది గ్రాషిట్. కొత్తగా వెళ్లిన మన ఫ్రెండ్స్ వారంలో నేర్చుకుంటారు, పైగా తప్పు పలికినవాళ్లని సరిదిద్దుతారు. ఆ మర్యాద మూసారాంబాగ్‌కి ఎందుకు దొరకదు?

టెక్నాలజీ లేక కాదు. ఒక పదాన్ని ఎలా పలకాలో గొంతుకి విడిగా చెప్పే ఎస్ఎస్ఎంఎల్ స్టాండర్డ్ 2004 నుంచి ఉంది. 2021లో గూగుల్ మ్యాప్స్ తెలుగుతో సహా పది భారతీయ భాషల్లోకి స్థలాల పేర్లని ఆటోమేటిక్‌గా మార్చడం మొదలుపెట్టింది. మంచి పనే. కానీ అందులోనూ ఇంగ్లిష్ అక్షరాల్ని తెలుగులోకి మార్చడమే ఉంది, అంటే మొదలు మళ్లీ స్పెల్లింగే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మాత్రం ఏ స్థలానికైనా తెలుగు పేరు విడిగా ఎక్కించే ట్యాగ్ ఉంది. అకౌంట్ ఉంటే చాలు, మీ కాలనీ పేరు మీరే తెలుగులో రాయొచ్చు. ఆదివారం కూర్చుంటే ఒక మెట్రో లైన్ చుట్టుపక్కల పేర్లన్నీ అయిపోతాయి.

ఇంకో మాట, ఇది మన రివ్యూయర్లకి. ఏఐ ఫోన్ అంటూ వచ్చిన ప్రతి మోడల్‌కీ ప్రాసెసర్ ఎన్ని లెక్కలు చేస్తుందో పేరా పేరాలు రాస్తున్నాం. షావోమీని జియోమీ అన్నవాళ్లని సరిదిద్దడానికి ఏళ్ల తరబడి ఓపిక చూపించాం. అదే ఓపికతో రివ్యూలో ఒక చిన్న టెస్ట్ పెట్టొచ్చు: మూసారాంబాగ్, ఆస్మాన్‌గఢ్, సరూర్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్. ముందు ఫోన్‌తో చదివించాలి, తర్వాత మనం మామూలుగా పలికి అది పట్టుకుంటుందో లేదో చూడాలి. రెండు నిమిషాల పని, కెమెరా శాంపిల్స్ కంటే తక్కువ టైమే. నా ఫోన్‌కి చదవడంలో ఐదింటికి రెండు, వినడంలో మూడు వచ్చాయి. మీ ఫోన్‌కి ఎన్ని వస్తాయో చూడండి.