బీరువా తాళం మన దగ్గరే ఉంది

పక్కింటావిడ పెళ్ళికి అడిగినా మెడలో నెక్లెసు తీసి ఇవ్వం. పట్టాదారు పాసుపుస్తకం ఎవరైనా "ఒకసారి చూసిస్తా"నంటే గుమ్మంలోనే నిలబెట్టి చూపిస్తాం. ఇంత జాగ్రత్త గల మనం, పిల్లల పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ మాత్రం ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పెట్టి, పైగా మజ్జిగ ఇచ్చి సాగనంపుతాం! నా కోపమంతా అందుకే.

మాది బల్మూర్. నల్లమల అంచున, అచ్చంపేటకు దగ్గర. ఇంటర్ పరీక్షలు అయ్యాయో లేదో, ఎండలతోపాటు కాలేజీల మనుషులూ మా ఊళ్ళోకి దిగుతారు. చేతిలో రంగురంగుల పుస్తకం, దాని మీద అద్దాల మేడ. మా వీధిలో ఒకావిడను అలాగే "ఒరిజినల్స్ ఇప్పుడిస్తే సీటు పక్కా, తర్వాత దొరకదు" అని బెదరగొట్టారు. ఆవిడ ఇచ్చేసింది. "ఆడపిల్ల వెంట తిరగనీకి ఎవరున్నరక్కా? అంత మేమే చూసుకుంటమన్నరు" అంది నాతో. తీరా పిల్లకు మంచి ర్యాంకే వచ్చింది. కౌన్సెలింగ్‌లో ఒరిజినల్స్ చూపించాలి. అడగబోతే "ఏడాది ఫీజు కట్టి పట్టుకుపొండి" అన్నారు. పల్లీ అమ్మిన డబ్బు చేతిలో పట్టుకుని ఆ తల్లి బస్సుల్లో తిరిగే లోపల మొదటి విడత కాస్తా దాటిపోయింది.

ఆ తల్లిది అమాయకత్వమని నేననను. తెలియనివ్వకపోవడమే ఆ వ్యాపారానికి పెట్టుబడి. కాబట్టి తెలుసుకుందాం.

మన రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో నూటికి 70 సీట్లు కన్వీనర్ కోటావి. ఎంసెట్ ర్యాంకును బట్టి, రిజర్వేషన్లను బట్టి ప్రభుత్వ కౌన్సెలింగే వాటిని ఇస్తుంది. (2024 నుంచి తెలంగాణలో ఆ పరీక్ష పేరు ఈఏపీసెట్.) ఆ సీటు "ఇప్పిస్తా"నని ఇంటికొచ్చేవాడు, మన సొమ్మే మనకు అమ్ముతున్నాడన్నమాట! ఇక సర్టిఫికెట్ల సంగతి. కాలేజీలు ఒరిజినల్స్ చూసుకుని తిరిగి ఇచ్చేయాలే తప్ప తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఈ ఒక్క మాట గట్టిగా అనగలిగితే సగం బెదిరింపులు గడప దాటి లోపలికి రావు.

రెండో తాళం ఆప్షన్లది. నెట్ సెంటర్ కుర్రాడికి పాస్‌వర్డు చెప్పి "నువ్వే పెట్టు బాబూ" అంటాం. వంకాయలైతే పుచ్చులు చూసి మరీ ఏరుకుంటామే, పిల్ల నాలుగేళ్ళ చదువు ఇంకొకరు ఏరాలా? కంప్యూటరు మనం రాసిన వరసలోనే పైనుంచి చూసుకుంటూ వస్తుంది. ర్యాంకుకు అందిన మొదటి దాని దగ్గర ఆగిపోతుంది. కాబట్టి నచ్చినవి పైన రాయాలి. "ఇది మనకు రాదులే" అని మంచి కాలేజీని కిందికి తోస్తే నష్టం మనకే. అన్నట్టు, మన వనపర్తిలోనే జేఎన్‌టీయూ వారి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అద్దాల మేడల పుస్తకాల్లో దాని పేరు మనకు కనబడదు మరి.

"ర్యాంకు రాకపోతేనో?" అంటారు. రాకపోతే పొలం అమ్మి సీటు కొనాలని ఎక్కడుంది? పది పాసైన పిల్లలకు పాలిసెట్ ఉంది. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. మూడేళ్ళ డిప్లొమా చేసి, ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోనే చేరవచ్చు. చుట్టుదారి అని మూతి విరిచేవాళ్ళు విరవనీయండి. అప్పు లేని చుట్టుదారి, పొలం పోయే దగ్గరిదారి కంటే ఎంతో మేలు.

ఆ పిల్లకు చివరికి సీటు దొరికింది. కోరుకున్న చోట కాదు. వాళ్ళమ్మ ఇప్పటికీ "నా చేత్తోటే ఇస్తి కదక్కా" అని కుములుతుంది. ఆ మాట వినలేకే ఇదంతా రాశాను.

వచ్చే ఎండాకాలం ఎవరైనా వస్తే మజ్జిగ మానకండి, దాహానికి ఇవ్వాల్సిందే. బీరువా మాత్రం తెరవకండి.