లాభము సరే, నష్టమెవరిది?

జమ, ఖర్చు, అసలు, బాకీ, వసూలు - ఈ మాటలకు తెలుగువారికిని ఉర్దూవారికిని నిఘంటువు అక్కరలేదు. ఉభయులమును ఒకే మాటలతో ఖాతాలు వ్రాసికొన్నవారము. కావున వడ్డీలేని బ్యాంకుల లెక్కలను గూర్చి ఈ సంచికలో ముచ్చటించుట సముచితమని తలంచుచున్నాము.

వడ్డీ తీసికొనకున్నంతనే బ్యాంకు ఇస్లామీయమగునని పలువురి అభిప్రాయము. మా దృష్టిలో అది సగము మాత్రమే. తక్కిన సగము లెక్కలలో నున్నది.

సాధారణ బ్యాంకులో మనము దాచిన సొమ్ము బ్యాంకునకు అప్పు. ముదారబా ఒప్పందములో అట్లు కాదు. సొమ్ము ఖాతాదారునిది, శ్రమ బ్యాంకుది. లాభమును ముందనుకొన్న పాళ్ళలో పంచుకొందురు. నష్టము వచ్చినచో, బ్యాంకు అశ్రద్ధగాని వంచనగాని లేనంతవరకు, అది సొమ్ము పెట్టినవానిదే. మరి ఈ సొమ్మును ఆస్తి అప్పుల పట్టీలో ఎచ్చట చూపవలెను? అప్పుగా చూపినచో లేని హామీ ఉన్నట్లు తోచును. వాటాధనముగా చూపుదమన్న, ఖాతాదారునకు వాటాదారుని ఓటు హక్కు లేదు.

ఇట్టి చిక్కులను విడదీయుటకే 1990లో అల్జీర్సు నగరమున కుదిరిన ఒప్పందము ననుసరించి, 1991లో బహ్రెయినులో ఆయోఫీ అను ప్రమాణ సంస్థ నమోదైనది. అది ఈ సొమ్మును అప్పునకును వాటాధనమునకును నడుమ ప్రత్యేక పద్దుగా చూపుమన్నది. బహ్రెయినులోని ఇస్లామీయ బ్యాంకులకు ఆ ప్రమాణములు విధి. మలేషియా అంతర్జాతీయ ప్రమాణముల బాటనే నడచుచున్నది.

కొన్ని బ్యాంకులు మంచి సంవత్సరపు లాభములో కొంత నిధిగా నిలిపి, లాభము తగ్గిన ఏట పంచుచుండును. దీనిని మేము నేరమనము. కాని ఆ సంగతి ఖాతాదారునకు తెలుపనిచో, ఏటేటా ఒకే తీరున వచ్చు లాభమునకును వడ్డీకిని భేదమును అతడెట్లు గుర్తించును?

నిజాయితీ ఉన్నచోట ఇంత లెక్క ఏల యని కొందరందురు. అప్పు చిన్నదైనను పెద్దదైనను గడువుతో సహా వ్రాసికొనవలెనని ఖురాను అల్ బఖరా అధ్యాయము 282వ వాక్యము ఆదేశించుచున్నది. ఆ ఆదేశము విశ్వాసులకే గదా!

మన దేశమున లైసెన్సు పొందిన ఇస్లామీయ బ్యాంకు లేదు. ఆ ప్రతిపాదనను రిజర్వు బ్యాంకు 2017లో విరమించినది. అయినను వడ్డీలేని పరపతి సంఘములు హైదరాబాదునకు కొత్త కావు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధించిన డాక్టరు ముహమ్మద్ హమీదుల్లా వానిని గూర్చి వ్రాసియున్నారు. ఇట్టి సంఘములలో ముదారబా చిక్కు లేకున్నను సేవారుసుము ప్రశ్న కలదు. వసూలైన రుసుమెంత, నిజముగా అయిన ఖర్చెంత అనునది ఏటేటా తెలుగు, ఉర్దూ భాషలలో సభ్యులకు తెలుపవలెను. రుసుము ఖర్చును మించినచో దానికి వేరొక పేరున్నది.

కామర్సు విద్యార్థులు ఈ ప్రమాణములను శ్రద్ధతో చదువవలెననియు, కళాశాల కమిటీవారు ఆ గ్రంథములను మన గ్రంథాలయమునకు తెప్పింపవలెననియు మేము కోరుచున్నాము.