శబ్దం రాని మ్యాక్‌ను భద్రపరిచామనకండి

పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లను నేటి ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ మీద నడిపేవాళ్ళలో చాలామంది తెర మీద డెస్క్‌టాప్ కనబడగానే పని ముగిసిందనుకుంటారు. మ్యాక్ ఓఎస్ 9 లేచింది, మెనూలు తెరుచుకుంటున్నాయి, ఫైళ్ళు సేవ్ అవుతున్నాయి. శబ్దం మాత్రం రాదు, వచ్చినా బరబరమంటుంది. దాని సంగతి తర్వాత చూద్దామని వదిలేస్తారు. ఆ తర్వాత ఎవరూ చూడరు. ఇది నాకు ఏమాత్రం నచ్చని అలవాటు. శబ్దం సరిగ్గా వినబడనంతవరకు ఆ యంత్రాన్ని మనం సగమే కాపాడినట్టు లెక్క.

1993లో సయాన్ సంస్థ మ్యాక్ కోసం తెచ్చిన ‘మిస్ట్’ ఆటనే చూడండి. అందులో ఒక వ్యోమనౌక ఉంది. దాని ఒక కొసన ఉన్న ఆర్గన్ మీద స్వరాలు వాయించి, విని, రెండో కొసన ఉన్న స్లైడర్లను సరిగ్గా అదే శ్రుతికి జరపాలి. అది దాటి వెళితే భూగర్భ సొరంగాల్లో ఏ దిక్కుకు తిరగాలో వినిపించే చప్పుళ్ళే చెబుతాయి. శబ్దం లేకుండా ఈ ఆటను భద్రపరిచామంటే, ఆ తలుపులకు తాళం వేసి తాళంచెవి పారేశామన్నమాటే.

ఇక ఇబ్బంది ఎక్కడుందో చెబుతాను. ఫాబ్రిస్ బెలార్ 2003లో మొదలుపెట్టిన క్యూఎమూ అనే ఎమ్యులేటర్ అసలు యంత్రంలోని భాగాలను ఒక్కొక్కటిగా సాఫ్ట్‌వేర్‌తో కడుతుంది. పవర్‌పీసీ ప్రాసెసర్ ఉంది, డిస్క్ ఉంది, తెర ఉంది. కానీ పాత పవర్ మ్యాక్‌లలోని ‘స్క్రీమర్’ అనే సౌండ్ చిప్ ప్రధాన క్యూఎమూలో ఏళ్ళ తరబడి లేదు, దానికోసం విడిగా తయారైన వెర్షన్‌ను వెతుక్కోవాల్సి వచ్చేది. షీప్‌షేవర్ అనే మరో ఎమ్యులేటర్ దారి వేరు. అది శబ్దాన్ని నేరుగా మన కంప్యూటర్‌కు అప్పగిస్తుంది కాబట్టి ఈ బాధ తక్కువ. అయితే అది మ్యాక్ ఓఎస్ 9.0.4 దగ్గరే ఆగిపోతుంది. 9.2.2 కావాలంటే మళ్ళీ క్యూఎమూ దగ్గరికే రావాలి.

అక్కడే యూఎస్‌బీ పనికొస్తుంది. 1998లో వచ్చిన ఐమ్యాక్ పాత పోర్టులు తీసేసి యూఎస్‌బీని ఇంటింటికీ తెచ్చింది, మ్యాక్ ఓఎస్ 9కి యూఎస్‌బీ స్పీకర్లు తెలుసు. క్యూఎమూ దగ్గర ఒక ఉత్తుత్తి యూఎస్‌బీ స్పీకర్ ఉంది. రెండింటినీ కలిపితే శబ్దం రావాలి. చాలాసార్లు వస్తుంది కూడా, కానీ పగిలిపోతూ.

కారణం కాలం. ఆ స్పీకర్ సెకనుకు 48,000 శబ్ద నమూనాలు (శాంపిళ్ళు) తీసుకుంటుంది. యూఎస్‌బీ మిల్లీసెకనుకొక ప్యాకెట్ పంపుతుంది. అంటే ప్యాకెట్‌కు 48 నమూనాలు, రెండు చానెళ్ళకు కలిపి 192 బైట్లు. డిస్క్‌కు వెళ్ళే డేటాలో తప్పు దొర్లితే మళ్ళీ పంపుతారు. శబ్దానికి ఆ వెసులుబాటు లేదు, పోయిన ప్యాకెట్ పోయినట్టే. కచేరీలో తప్పిన తాళాన్ని తర్వాతి ఆవర్తనంలో వేసి సరిదిద్దలేం కదా, ఇదీ అంతే. మన ల్యాప్‌టాప్ మరేదో పనిలో పడి ఎమ్యులేటర్‌ను రెండు మిల్లీసెకన్లు ఆపితే తెర మీద ఎవరికీ తెలియదు, చెవికి మాత్రం ‘టక్’మని తెలుస్తుంది. పైగా ఇక్కడ గడియారాలు రెండు: ఎమ్యులేటర్ లోపల ఒకటి, మన అసలు సౌండ్ కార్డులో మరొకటి. అవి కొద్ది తేడాతో నడిచినా మధ్యలో శబ్దాన్ని కాసేపు నిలిపి ఉంచే బఫర్ మెల్లగా నిండిపోతుంది, లేదా ఖాళీ అవుతుంది.

దీనికి తోడు నమూనాల లెక్క. తొలి మ్యాక్‌లు సెకనుకు సుమారు 22,255 నమూనాలతో పలికేవి. తెర మీద ఒక్కో గీత గీసే వేళకు ఒక్కో నమూనా చొప్పున పంపడం వల్ల వచ్చిన సంఖ్య అది. ఆ కాలపు శబ్దం 48,000కు మారి, మన కార్డు కోరే వేగం వేరైతే ఇంకోసారి మారి, ఆ తర్వాతే చెవికి చేరుతుంది.

కాబట్టి బరబర వినగానే కనిపించిన సెట్టింగ్‌లన్నీ మార్చేయకూడదు. తప్పు ఏ వైపుందో ముందు తేల్చాలి. అందుకు నాకు అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి, క్యూఎమూ చేత శబ్దాన్ని స్పీకర్లకు కాకుండా ఒక వేవ్ ఫైల్‌లోకి రాయించడం. ఆ ఫైల్‌ను మామూలు ప్లేయర్‌లో వినండి. శుభ్రంగా ఉంటే పాత సిస్టమ్ తప్పేమీ లేదు, మన వైపు ఉన్న పల్స్‌ఆడియో, పైప్‌వైర్ లాంటి శబ్దం నడిపే పొరలను చూసుకోవాలి. ఫైల్‌లోనే పగుళ్ళుంటే తప్పు లోపలిది. అప్పుడు యూఎస్‌బీ ప్యాకెట్లను ఫైల్‌లోకి పట్టి ప్యాకెట్లను చూపే వైర్‌షార్క్‌లో తెరిస్తే ఎక్కడ ఖాళీ పడిందో కనబడుతుంది. స్పీకర్ బఫర్ పెంచి చూడొచ్చు: 6,144 బైట్లంటే 32 మిల్లీసెకన్ల ఊపిరి. మరీ పెంచితే మౌస్ నొక్కిన చాలాసేపటికి చప్పుడు వస్తుంది. ఆటకు అది పనికిరాదు.

అసలు శబ్దమే రాకపోతే పరీక్ష వేరు. లోపల సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో యూఎస్‌బీ స్పీకర్ పేరు కనిపిస్తోందా లేదా అన్నది మొదట చూడాలి. కనిపిస్తున్నా మౌనమే అయితే, చాలావరకు ఎమ్యులేటర్‌కు శబ్దం ఎటు పంపాలో చెప్పకపోవడమే కారణం.

విండోస్ 98 నడిపేవాళ్ళకు మాత్రం నా సలహా యూఎస్‌బీ జోలికి పోవద్దనే. క్యూఎమూలో సౌండ్ బ్లాస్టర్ 16 ఉంది, విండోస్ 98లో దాని డ్రైవర్ ముందే ఉంది. పోర్టు 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1 అని చూపిస్తే చాలు. ఆ కాలపు కార్డు దొరుకుతున్నప్పుడు దానికే మొగ్గు చూపాలి.

పాత సాఫ్ట్‌వేర్‌ను దాచే గ్రంథాలయాలు, మ్యూజియాలు, సొంత సేకరణలున్నవాళ్ళు డిస్క్ ఇమేజ్ ఒక్కటే దాస్తే చాలదని నేను గట్టిగా చెబుతాను. ఎందుకంటే ఎమ్యులేటర్ కూడా మారుతుంది. శబ్దాన్ని ఎటు పంపాలో చెప్పే పద్ధతిని క్యూఎమూ 2019లో వచ్చిన 4.0 వెర్షన్‌తో కొత్తగా మొదలుపెట్టి, పాత పద్ధతిని తర్వాతి వెర్షన్లలో తీసేసింది. నిన్న పలికిన ఆదేశమే నేడు నోరు మెదపదు. అందుకే ఇమేజ్ పక్కనే ఎమ్యులేటర్ వెర్షన్, పూర్తి ఆదేశం, వాడిన సౌండ్ పరికరం, బఫర్ సంఖ్య రాసిపెట్టాలి. వీలైతే అసలు యంత్రం మీద రికార్డు చేసిన అర నిమిషం శబ్దాన్ని కూడా చేర్చాలి. ఇరవయ్యేళ్ళ తర్వాత దాన్ని తెరిచేవాళ్ళకు, తాము వింటున్నది అసలు స్వరమా, ఎమ్యులేటర్ తప్పా అని పోల్చుకోవడానికి అప్పుడు ఒక ఆధారం ఉంటుంది.