బల్ల మీది బిల్లు

పార్లమెంటు సమావేశాలు లేని వారాల్లో ఢిల్లీ విలేకరికి చదువుకునేందుకు కాస్త తీరిక దొరుకుతుంది. ఈ వారం నా మనసు లండన్ పానశాలలవైపు మళ్ళింది. పాఠకులు మన్నించాలి, చివరకు పార్లమెంటుకే వస్తాను.

1711లో అడిసన్, స్టీల్ ప్రారంభించిన ‘స్పెక్టేటర్’ పత్రికకూ, ఆనాటి లండన్ కాఫీ హోటళ్ళకూ గల బాంధవ్యాన్ని బి.ఏ.లో మా అధ్యాపకులు ఎంతో ఇష్టంగా వివరించేవారు. 1970ల చివర అదే నగరంలో అటువంటి బాంధవ్యం మరొకటి ఏర్పడిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పంక్ సంగీతపు తొలి తుఫాను వెలిసిన కాలమది. ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’, ‘మెలొడీ మేకర్’, ‘సౌండ్స్’ అనే మూడు వారపత్రికలు యువతరాన్ని ఏలాయి. వాటిలో రాసినవారిలో పలువురు ఇరవై ఏళ్ళ ప్రాయంవారు. పాల్ మార్లే, ఇయాన్ పెన్‌మన్ వంటివారు గ్రామఫోను రికార్డు సమీక్షలోకి ఫ్రెంచి తత్త్వవేత్తలను లాక్కొచ్చారు. ఆ పాండిత్యం కొన్నిచోట్ల అజీర్తి చేసిన మాట నిజమే. మొదటి ప్రపంచయుద్ధ కాలంనాటి నిబంధనల వల్ల 1988 దాకా పబ్బులు మధ్యాహ్నం మూడింటికి తలుపులు మూసేవి. ఆ తర్వాత చర్చ సాగాలంటే కాఫీ దుకాణమే దిక్కు.

ఇదంతా కుర్రకారు కాలక్షేపమని కొట్టిపారేయలేము. 1976లో బర్మింగ్‌హామ్ వేదికపై ఎరిక్ క్లాప్టన్ వలసదారులను దూషించినప్పుడు, దానిని ఖండిస్తూ కొందరు రాసిన లేఖను అచ్చువేసినవి ఈ సంగీత పత్రికలే. ‘రాక్ అగెనెస్ట్ రేసిజం’ ఉద్యమం దాని నుంచే పుట్టింది. 1979 ఏప్రిల్ 23న మన పంజాబీలు అధికంగా నివసించే సౌతాల్‌లో, నేషనల్ ఫ్రంట్ సభకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో బ్లెయిర్ పీచ్ అనే ఉపాధ్యాయుడు ప్రాణాలు కోల్పోయాడు. ఆ దెబ్బ కొట్టింది బహుశా పోలీసు అధికారే అయివుంటాడని తేల్చిన అంతర్గత నివేదిక వెలుగు చూడడానికి 2010 రావలసివచ్చింది. ఆ రోజే ‘మిస్టీ ఇన్ రూట్స్’ వాద్యబృందం మేనేజరు తల పగిలింది. సంగీతం గురించి రాసేవాడు రాజకీయం రాయకుండా తప్పించుకోగల రోజులు కావవి.

అయితే ఆ బల్లల మీది బిల్లును తరచు రికార్డు కంపెనీల ప్రచారకులే చెల్లించేవారు. నన్ను తొలిచే విషయం ఇదే. తాగించినవాడి రికార్డును మర్నాడు చీల్చిచెండాడిన విమర్శకులూ ఉన్నారు, నిజమే. కాని అందరికీ ఆ గుండె ఉంటుందా? నాకు ఒకసారి లేకపోయింది. ఒక నాయకుని ఇంట భోజనం చేసివచ్చిన రాత్రి, నా వార్తలోంచి ఒక వాక్యం కొట్టివేశాను. ఆయన అడగనే లేదు. ఆ వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

అందుకే పాత పార్లమెంటు సెంట్రల్ హాలు నాకు నచ్చేది. అక్కడ కాఫీ చవక. ఎవరి డబ్బు వారిచ్చుకున్నా భారమయ్యేది కాదు. మంత్రి, ప్రతిపక్ష సభ్యుడు, విలేకరి ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. 2020లో కోవిడ్ పేరిట విలేకరుల ప్రవేశంపై ఆంక్షలు వచ్చాయి. 2023 సెప్టెంబరులో సభలు కొత్త భవనానికి తరలాయి. కోట్లు ఖర్చుపెట్టి కట్టిన ఆ భవనంలో సెంట్రల్ హాలు లేదు. ఇప్పుడు నాయకులను కలవాలంటే వారి ఇళ్ళకు వెళ్ళాలి. అక్కడ బిల్లు రాదు.