నాట్యమండప ప్రమాణం - ఆధునిక నగర రంగశాల

భరతముని నాట్యశాస్త్రంలోని ద్వితీయాధ్యాయం ప్రేక్షాగృహ లక్షణాన్ని వివరిస్తున్నది. ఆకారాన్ని బట్టి వికృష్టం, చతురస్రం, త్ర్యస్రం అనీ, పరిమాణాన్ని బట్టి జ్యేష్ఠం, మధ్యమం, కనిష్ఠం అనీ అందులోని విభాగం సుప్రసిద్ధం. ప్రాచ్య కళాశాలల్లో ఈ విభాగాన్ని పేర్ల పట్టికగా కంఠస్థం చేయించి పరీక్షతో ముగించడం పరిపాటి. అందులోని హేతువిచారం మీద దృష్టి నిలపడం అరుదు. నేడు నగరాల్లో కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించే రంగశాలలకు అత్యవసరమైనది ఆ హేతువిచారమే.

మనుష్యుల కొరకు నిర్మించే మండపం 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు కలిగి ఉండాలనీ, అంతకు మించరాదనీ భరతుని విధి. మండపం మితిమీరి పెద్దదైతే పాఠ్యం విస్వరమవుతుంది. ముఖంలో పలికే భావం, దృష్టి విశేషం అవ్యక్తమవుతాయి. కనుక ప్రమాణాన్ని నిర్ణయించినవి ప్రేక్షకుల సంఖ్య గాని, పోషకుని వైభవం గాని కావు; నటుని కంఠం, నటుని కన్ను.

హస్తాన్ని సుమారు అడుగున్నరగా గ్రహిస్తే ఆ మండపం 96 అడుగుల పొడవు, 48 అడుగుల వెడల్పు అవుతుంది. అందులో సగం ప్రేక్షకులకు, మిగిలిన సగం రంగపీఠ, రంగశీర్ష, నేపథ్యాలకు. చిట్టచివర కూర్చున్న సామాజికునికి సైతం రంగం సుమారు 48 అడుగుల దూరంలోనే ఉంటుంది. ఒక్కొక్కరికి 6 చదరపు అడుగుల చొప్పున లెక్కిస్తే అక్కడ కూర్చోగలవారు నాలుగు వందలకు లోపే. మండపం శైలగుహాకారంగా, చిన్న గవాక్షాలతో, నివాతంగా ఉండాలనడం గంభీరశబ్దత కొరకే. మత్తవారణి స్వరూపాన్ని గురించి వ్యాఖ్యాతలలో భేదాభిప్రాయాలున్నా, ఈ ధ్వని ప్రయోజనం విషయంలో సందేహానికి తావు లేదు.

ఆధునిక నగర రంగశాల ఆసనాల సంఖ్యతో మొదలవుతున్నది. హైదరాబాదులోని శిల్పకళావేదిక సుమారు 2,500 మందికి చోటిస్తుంది. మహాసభలకు, సన్మానాలకు అటువంటి శాల తగినదే. కాని కూచిపూడి నర్తకి సాత్త్వికాభినయం అంత దూరానికి అందదు. పద్యనాటక నటుడు ధ్వనివర్ధకాన్ని ఆశ్రయించక తప్పదు. మైకు ముందు నిలిచిపోయిన నటునికి ఆంగికం కుంచించుకుపోతుంది. రాగాలాపనలోని సూక్ష్మత యంత్రం పాలవుతుంది. ఇట్లు రంగశాల నిర్మాణమే క్రమంగా ప్రయోగ స్వరూపాన్ని మార్చివేస్తున్నది.

ఇది రాజాస్థానాల నాటి మాట అనీ, లక్షల జనాభా గల నగరానికి నాలుగు వందల ఆసనాల శాల చాలదనీ, నిర్వహణ వ్యయం గిట్టదనీ పూర్వపక్షం చేయవచ్చు. ఈ ఆక్షేపణలో కొంత సత్యం ఉన్నది. అయితే అనుసరించవలసినది కొలతను కాదు, కొలతకు మూలమైన సూత్రాన్ని. ముంబయి జాతీయ ప్రదర్శన కళల కేంద్రంలో 1980లో ప్రారంభమైన టాటా థియేటర్ ఇందుకు నిదర్శనం. వాస్తుశిల్పి ఫిలిప్ జాన్సన్, ధ్వనిశాస్త్రజ్ఞుడు సిరిల్ హారిస్ కలిసి రూపొందించిన ఆ శాలలో సుమారు వెయ్యి ఆసనాలున్నవి. అవి వేదిక చుట్టూ విసనకర్ర వలె పరచుకున్నందువల్ల సంఖ్య పెరిగినా సామీప్యం చెడలేదు. ధ్వనివర్ధకం లేకుండ స్వరం చివరి వరుసకు చేరాలన్నదే ఆ నిర్మాణ సంకల్పం. కేరళ దేవాలయాల కూత్తంబలాలు, వాటిలో దీపకాంతి ముందు సాగే కూడియాట్టం నేత్రాభినయం, ఇదే సూత్రానికి సజీవమైన సంప్రదాయ రూపం.

కావున నగరంలో మహాసభామందిరం నిర్మించినప్పుడు, దాని పక్కన మూడు నాలుగు వందల ఆసనాల నాట్యశాలను కూడ నిర్మించడం ధర్మం. నిర్మాణ సంఘంలో వాస్తుశిల్పి, ధ్వనినిపుణులతో పాటు నాట్యశాస్త్రం తెలిసిన పండితునికీ, ప్రయోక్తకూ స్థానం ఉండాలి. మైకు లేని పద్యం చివరి వరుసలో స్పష్టంగా వినబడిన తరువాతనే శాల పూర్తయినట్లు భావించాలి.

ఇందులో ప్రాచ్య కళాశాలల బాధ్యత స్వల్పం కాదు. పోణంగి శ్రీరామ అప్పారావు తెలుగు అనువాదం వల్ల నాట్యశాస్త్రం సంస్కృతం రాని ఇంజనీరుకు సైతం అందుబాటులోనికి వచ్చినది. పరిశోధక విద్యార్థులు తమ పట్టణంలోని రంగశాలలను స్వయంగా కొలిచి, శ్రవ్యతను, దృశ్యతను ద్వితీయాధ్యాయంతో పోల్చి చూపగలిగితే, నిర్మాతల ముందు ఉంచదగిన ప్రమాణం లభిస్తుంది. ఆ పని పండితులు చేయనంత కాలం రంగశాలల కొలతలను ఆసనాల లెక్కే నిర్ణయిస్తుంది.