పచ్చబడితే చల్లబడుతుందా?

ఈ వారం ఓ టీవీ చర్చలో ఒక పెద్దమనిషి అన్న మాట నాకింకా మింగుడుపడటం లేదు. ఆర్కిటిక్‌లో మంచు కరిగితే మంచిదేనట! పచ్చదనం పెరిగి, ఆ మొక్కలే గాలిలోని కార్బన్‌ను పీల్చేస్తాయట. యాంకరమ్మ తలూపి ప్రకటనల విరామానికి వెళ్లిపోయింది.

పచ్చదనం మాట నిజమే. అలాస్కాలో టండ్రా అనే చెట్లులేని చలి మైదానాల్లో గడ్డి ఉన్నచోట పొదలు లేస్తున్నాయి. కానీ అసలు సరుకంతా అడుగున ఉంది. పర్మాఫ్రాస్ట్ అనే ఆ గడ్డకట్టిన నేలల్లో ఉన్న కార్బన్, గాలిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. వేల ఏళ్లనాటి వేళ్లూ ఆకులూ కుళ్లకుండా నిలవున్నాయక్కడ. నేల కరిగితే సూక్ష్మజీవులకు పండగే. నేల ఆరి గాలి ఆడేచోట కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నీళ్లు నిలిచేచోట మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూసినా అది కార్బన్ డయాక్సైడ్ కన్నా పాతిక రెట్లకు పైగా వేడెక్కిస్తుంది.

పైగా మొక్క పనిచేసేది ఆ కాస్త వేసవిలోనే. పైన పేరుకున్న మంచు చలిని ఆపుతుంది కాబట్టి, నేల శీతాకాలమంతా వాయువులు వదులుతూనే ఉంటుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా పర్మాఫ్రాస్ట్ ప్రాంతం వదిలేది 170 కోట్ల టన్నుల కార్బన్ అనీ, వేసవిలో మొక్కలు తీసుకునేది 100 కోట్ల టన్నులేననీ 2019లో శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. ఖరీఫ్ రాబడి రాసుకుని రబీ నష్టం దాచేస్తే అది పద్దు అవుతుందా? కార్చిచ్చులను కలుపుకుంటే ఆర్కిటిక్ టండ్రా పీల్చే దశ దాటి వదిలే దశకు వచ్చిందని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా 2024 నివేదికలో తేల్చేసింది.

నా పాత గొడవ మళ్లీ ఎత్తక తప్పదు. చలికాలంలో కొలిచేవాళ్లేరీ? నెలల తరబడి చీకట్లో, ఎముకలు కొరికే చలిలో పరికరాలను కాచుకుని కూర్చోవాలి. దానికి నిధులివ్వాలంటే ఏ ప్రభుత్వానికీ చెయ్యి రాదు. దానికితోడు 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి రష్యా కేంద్రాలతో పాశ్చాత్య శాస్త్రవేత్తల సంబంధాలు తెగాయి. ఆర్కిటిక్ నేలలో దాదాపు సగం రష్యాదే మరి!

మనమేం తక్కువ తిన్నాం? ఆర్కిటిక్‌లోని నార్వే దీవులైన స్వాల్‌బార్డ్‌లో హిమాద్రి అనే పరిశోధన కేంద్రాన్ని 2008లోనే తెరిచాం. శీతాకాలానికంటూ బృందాన్ని పంపింది మాత్రం 2023 డిసెంబరులో. ఆ కబురు మనలో ఎందరి చెవిన పడింది? ఉగాది నాడు పంచాంగ శ్రవణానికి గంటలు కేటాయించే చానళ్లకు, వాతావరణం తెలిసిన మనిషిని పిలవడానికి మాత్రం తీరిక చిక్కదు. వానల గురించీ రాజకీయ విశ్లేషకుడే చెప్పాలి, ఎండల గురించీ ఆయనే చెప్పాలి.

అయ్యా, ఈసారి చర్చ పెట్టేటప్పుడు హిమాద్రిలో చలికాలం గడిపి వచ్చినవాళ్లలో ఒక్కరినైనా పిలవండి. మధ్యలో అడ్డుపడకుండా పది నిమిషాలు మాట్లాడనివ్వండి.