పైలట్ ప్రాజెక్టులు సరే, దేనికోసం?

అమెరికాలో మనవాళ్లు చాలామంది కోడ్ రాసే దశ దాటి మేనేజర్లయ్యారు. శనివారం భోజనాల దగ్గర కూర్చున్నా మాట తమ టీమ్‌లో నడుస్తున్న ఏఐ పైలట్ల మీదికే మళ్లుతుంది. ఎన్ని పైలట్లు, ఎన్ని డెమోలు అన్నది అందరూ ఉత్సాహంగా చెబుతారు. కంపెనీ ఈ ఏడాది పెట్టుకున్న లక్ష్యాల్లో దేనికి పనికొస్తుందని అడిగితే మాత్రం తడుముకుంటారు. తప్పు పూర్తిగా వాళ్లదే అనను. పైనుంచి వచ్చే మెయిల్లో ‘ఏదైనా కొత్తగా చేయండి’ అని ఉంటుంది, దేనికోసమో ఉండదు.

లక్ష్యం ఉన్నా, అది ఇరుకైనదైతే అదో చిక్కు. కొడాక్ సంగతే చూడండి. ఆ కంపెనీ ఇంజినీరు స్టీవ్ సాసన్ 1975లోనే డిజిటల్ కెమెరా తయారుచేశాడు. ఒక్క ఫొటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేదట! దాన్ని పక్కన పెట్టిన మేనేజర్లను తెలివితక్కువవాళ్లని వెక్కిరించడం మనకు అలవాటైపోయింది. ఫిలిం అమ్మకాలే లక్ష్యమైనచోట ఫిలిం అక్కర్లేని కెమెరాను ఎవరు ముందుకు తోస్తారు? వాళ్ల లెక్క ప్రకారం వాళ్లు సరిగ్గానే పనిచేశారని నా అభిప్రాయం. 2012 జనవరిలో కొడాక్ దివాలా పిటిషన్ వేసింది. అదే వ్యాపారంలో ఉన్న జపాన్ కంపెనీ ఫూజీఫిలిం తనకు ఏ విద్య తెలుసో లెక్క చూసుకుంది. ఫిలిం తయారీలో కొల్లాజెన్‌తో, రంగు వెలిసిపోకుండా కాపాడే రసాయనాలతో పనిచేసిన అనుభవంతో 2007లో ఆస్టాలిఫ్ట్ పేరిట ముఖానికి రాసుకునే క్రీములు తెచ్చింది. ఎల్‌సీడీ తెరల్లో వాడే పల్చటి పొరలు సరేసరి.

ఇదంతా బోర్డు రూముల గొడవ, మనకెందుకు అనుకోకండి. ఖర్చులు తగ్గించుకునే రోజు వస్తే, ఎందుకు నడుస్తోందో ఎవరూ చెప్పలేని ప్రాజెక్టు మీదే ముందు వేటు పడుతుంది. ఆ టీమ్‌లో హెచ్-1బీ మీదున్న కుర్రాడికి మరో ఉద్యోగం వెతుక్కోవడానికి దొరికే గడువు మహా అయితే 60 రోజులు. ఇంటి వాయిదాలు, పిల్లల బడి అన్నీ ఆ 60 రోజుల్లోనే తేలాలి.

అందుకే పైలట్ ఒప్పుకునే ముందే మేనేజరు తన డైరెక్టరును అడగాలి. ఇది ఏ లక్ష్యం కోసం? ఏ అంకె మారాలి, ఎప్పటిలోగా? మారకపోతే ఆపేయమని చెప్పే అధికారం ఎవరిది? జవాబులు ఒక్క కాగితంలో రాసుకుంటే చాలు. ఆపేసినందుకు ఆ మేనేజరు రేటింగ్ తగ్గించకపోవడం కంపెనీ వంతు. పైవాళ్లను ‘ఎందుకు’ అని అడగడానికి మనకు మొహమాటం ఎక్కువ. గ్రీన్‌కార్డు ఫైలు అదే కంపెనీ చేతిలో ఉంటే ఇక చెప్పేదేముంది!

జనవరితో లెక్కలు మొదలయ్యే కంపెనీల్లో వచ్చే ఏడాది బడ్జెట్ మాటలు సాధారణంగా అక్టోబరు, నవంబరుల్లో నడుస్తాయి. అడగాల్సింది అప్పుడే. డబ్బు కేటాయించి, జనాన్ని తీసుకున్నాక అవే ప్రశ్నలు వేస్తే పనికి అడ్డం పడుతున్నట్టు వినిపిస్తాయి.